ఎలుకల ఆకలి: కూనూరు నుండి తార్నాక వరకు

బొగ్గు గనికిని చిన్న ప్రాణులకును పాత చుట్టరికము కలదు. 1896లో జాన్ స్కాట్ హాల్డేన్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు బ్రిటిషు గనుల ప్రేలుళ్ళలో మరణించిన వారిని గూర్చి ఒక నివేదిక వ్రాసెను. మంటకంటె, దెబ్బకంటె ఎక్కువ మందిని చంపినది కార్బన్ మోనాక్సైడు వాయువని ఆయన తేల్చెను. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. చుంచెలుకను గాని చిన్న పక్షిని గాని వెంట గొనిపోయినచో అది మనుష్యునికంటె ముందుగా సొమ్మసిల్లును. మనుష్యునకు వెనుదిరుగుటకు వ్యవధి చిక్కును. బ్రిటిషు గనులలో కెనరీ పక్షులు 1986 వరకు ఈ కొలువు చేసినవి.

శ్రీరాంపూరులో పిల్లలకు పాఠము చెప్పు ఉపాధ్యాయునికి ఈ కథ బాగుగా ఉపయోగపడును. తండ్రి బాయి పనికి పోవు ఇంటి పిల్లవాడు దీనిని వెంటనే గ్రహించును. అయితే ఎలుక మనకు చేసిన మఱియొక కొలువును గూర్చి పాఠ్యపుస్తకములు అంతగా చెప్పవు. ఆకలి యేల కలుగును, ఏల నశించును, తిండి ముందుండగనే ప్రాణి యేల చిక్కిపోవును, కడుపు నిండిన తరువాత కూడ ఏల తినును అను ప్రశ్నలకు నూరేండ్లుగా సమాధానములు ఎలుక బోనులో వెదకుచున్నారు. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయము మన హైదరాబాదులో, తార్నాకలో నడచినది.

ముందుగా రోగమును చెప్పుకొందము. 1873లో లండనులో విలియం గల్ అను వైద్యుడు కొందఱు యువతులను గూర్చి ప్రసంగించెను. వారికి క్షయ లేదు, పేగులలో పుండు లేదు. కాని తిండి మానివేసి ఎముకల గూడులై యుండిరి. మఱుసటి సంవత్సరము ప్రచురించిన వ్యాసములో ఆయన దీనికి 'అనొరెక్సియా నెర్వోసా' అని పేరు పెట్టెను. ఆయనను ఆశ్చర్యపఱచిన సంగతి మఱియొకటి కలదు. ఇంత చిక్కిన దేహముతో ఆ రోగులు ఒక చోట కూర్చుండక, నిత్యము తిరుగుచు, అలసట యెఱుగని వారివలె నుండిరి. ఈ ఒక్క మాటను చదువరులు గుర్తుంచుకొందురు గాక. ముందు దీనితో పని యున్నది. మానసిక వ్యాధులలో ప్రాణాపాయము అత్యధికముగా గల వాటిలో ఇది యొకటి అని నేటి వైద్యులు చెప్పుదురు. దీనికి ఎదురుగా, అదుపు లేక ఒక్కసారిగా అతిగా తినుట అను వ్యాధియు కలదు. రెండింటిని కలిపి భోజన సంబంధ వ్యాధులు అనుచున్నారు.

ఎలుక అద్దములో చూచుకొనదు, సన్నబడవలెనని కోరుకొనదు. అట్టి దానితో ఈ వ్యాధులను ఎట్లు పరీక్షింతురు? ఈ ఆక్షేపణ న్యాయమైనదే. దీనికి జవాబు ఒక్క వాక్యములో చెప్పరాదు; కథ నడచిన కొలది తెలియును.

మన దేశములో కథ 1918లో నీలగిరులలోని కూనూరులో మొదలైనది. అచ్చటి పాశ్చరు సంస్థలో ఒకే ఒక గదిలో రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని గూర్చి పరిశోధన ఆరంభించెను. ఈ బెరిబెరి మన తెలుగు వారికి పరాయిది కాదు. ఉత్తర సర్కారు జిల్లాలలో మర పట్టిన పచ్చి బియ్యము తినువారిలో అది పాతుకొని యుండెను. మెక్‌కారిసన్ తెల్లని బియ్యముతో పావురములను పెంచి చూచెను. తవుడు పోయిన బియ్యములో బి1 విటమిను ఉండదు. ఆ విటమిను లోపించిన ప్రాణి మొట్టమొదట పోగొట్టుకొనునది ఆకలియే. చెడు తిండి ఆకలిని చంపును. ఆకలి చచ్చిన ప్రాణి ఉన్న తిండిని కూడ తినదు. తిననందున లోపము ఇంకను పెరుగును. ఆకలి యనునది కడుపులో ఖాళీ చోటు మాత్రమే కాదని, తినిన దానిని బట్టి మాఱుననియు ఇచ్చట మొదటి పాఠము దొరకినది.

ఆ గది 1928 నాటికి పోషకాహార పరిశోధనాలయముగా ఎదిగెను. మెక్‌కారిసన్ అప్పటికి ఎలుకలకు మాఱెను. భారతదేశములోని పలు ప్రాంతముల వారు తిను ఆహారములను వండించి వేర్వేరు ఎలుకల గుంపులకు పెట్టించెను. సిక్కుల ఆహారము, అనగా గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కూరలు, పండ్లు తినిన గుంపు అన్నిటికంటె బాగుగ పెరిగెను. మద్రాసు ప్రాంతపు వరి అన్నము తినిన గుంపు అన్నిటికంటె వెనుకబడెను. ఆ కాలమున కొందఱు దీనిని పట్టుకొని ఇన్ని జాతులు బలమైనవి, ఇన్ని జాతులు బలహీనమైనవి అని ప్రచారము చేసిరి. ఎలుకలకు జాతి గర్వము లేదు. గుంపులన్నియు ఒకే వంశపు తెల్ల ఎలుకలు. వాటి మధ్య తేడా యెల్ల పాలలోను, వెన్నలోను, కూరలలోను ఉన్నది. అవి కొనగల స్తోమతులో ఉన్నది. ఆ ప్రయోగమును సరిగా చదివినచో 'జాతి' అను మాట యెగిరిపోయి 'పేదరికము' అను మాట మిగులును.

ఇంతకంటె విచిత్రమైనది ఇంకొక ప్రయోగము. మెక్‌కారిసన్ ఒక గుంపునకు సిక్కుల ఆహారమును, ఇంకొక గుంపునకు ఇంగ్లాండులోని పేదలు తిను ఆహారమును పెట్టెను. తెల్ల రొట్టె, మార్జరిన్, కొద్దిపాటి పాలతో తియ్యని తేనీరు, ఉడుకబెట్టిన క్యాబేజి, బంగాళాదుంపలు, డబ్బా మాంసము, జాము — ఇదీ ఆ భోజనము. మొదటి గుంపు హాయిగా కలసి బ్రదికెను. రెండవ గుంపులోని ఎలుకలు ఎదుగక పోవుటయే కాక, ఉలికిపాటు పడుచు, తిండి పెట్టువారిని కరచుచు నుండెను. 60వ దినము వచ్చుసరికి బలమైనవి బలహీనమైన వాటిని చంపి తినసాగెను. దానితో వాటిని విడదీయవలసి వచ్చెను. ఆహారము దేహమునే కాక నడవడిని కూడ మార్చునని ఇంత బాహాటముగా చూపిన ప్రయోగములు అప్పటికి తక్కువ.

ఇదే కాలమున అమెరికాలో మఱియొక దారి తెరచుకొనెను. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో కర్ట్ రిక్టర్ ఎలుక బోనులకు పరుగు చక్రములను అమర్చెను. ఎలుక లోపల పరుగిడినచో చక్రము తిరుగును, ఎన్ని చుట్లు తిరిగెనో లెక్క పడును. దినమునకు ఒక్కసారి, ఒకే వేళకు తిండి పెట్టినచో ఆ వేళ సమీపించు కొలది ఎలుక పరుగు హెచ్చునని ఆయన 1922లో ప్రకటించెను. గడియారము ఎలుక కడుపులో ఉన్నదన్నమాట.

1954లో హాల్, హాన్‌ఫర్డ్ అనువారు, 1967లో రౌటెన్‌బర్గ్, కుజ్నెసోఫ్ అనువారు ఈ చక్రము నుండి ఒక భయంకరమైన సంగతిని బయటికి లాగిరి. రౌటెన్‌బర్గ్ ప్రయోగమును ఉపాధ్యాయులు నల్లబల్లపై సులభముగా వివరింపవచ్చును. ఎలుకలను రెండు గుంపులు చేయుదురు. రెండింటికిని దినమునకు ఒక గంట మాత్రమే తిండి. ఆ గంటలో ఎంత కావలసిన అంత. ఒక గుంపు బోనులో చక్రము ఉండదు. ఆ ఎలుకలు మొదట కొంత బరువు తగ్గి, క్రమముగా ఒక గంటలోనే చాలినంత తినుట నేర్చి బ్రదికిపోవును. రెండవ గుంపునకు మిగిలిన 23 గంటలును చక్రము అందుబాటులో ఉండును. ఎవరును బలవంతము చేయరు. అయినను ఆ ఎలుకలు దినదినమునకు ఎక్కువ పరుగిడును. ఎక్కువ పరుగిడినది ఎక్కువ తినవలెను గదా యని మనము అనుకొందుము. జరుగునది విపరీతము. ఆ గంటలో అవి చక్రము లేని ఎలుకలకంటె తక్కువ తినును. బరువు జారిపోవును, పరుగు హెచ్చును. ప్రయోగమును ఆపనిచో కొలది దినములలో చనిపోవును. తిండి గంటసేపు ఎదుట నుండగా ఆకలిచావు!

తిండి కొరత ఒక్కటే వాటిని చంపలేదు. చక్రము లేని గుంపు దానికి సాక్ష్యము. పరుగు ఒక్కటే చంపలేదు. తిండి ఎల్లవేళల పెట్టినచో చక్రమున్న ఎలుకలు చక్కగా బ్రదుకును. ఈ రెండును ఒక చోట కలసినపుడే ఉరి బిగియును. తిండి నియమమును సడలించినను, చక్రమును తీసివేసినను ఎలుక కోలుకొనును. విలియం గల్ చూచిన తిరుగుబోతు రోగులు చదువరులకు జ్ఞప్తికి వచ్చియుందురు.

గోదావరికి ఇరుప్రక్కల గల బొగ్గు పట్టణములలో తెల్లవారుజామున మైదానములకు పోయిన వారికి ఇంకొక దృశ్యము తోచవచ్చును. పోలీసు, సైనికోద్యోగముల పరీక్షలకై యువకులు చుట్లు చుట్లుగా పరుగు తీయుచుందురు. కొందఱు బరువు తగ్గవలెనని రాత్రి భోజనమును కూడ మానుదురు. పరుగు మంచిదే. కాని పరుగును, కోసివేసిన తిండిని జతపఱచిన తరువాత 'ఆకలి కాలేదు' అని చెప్పు పిల్లవాడు అబద్ధమాడుట లేదు. వానికి నిజముగనే ఆకలి కాకపోవచ్చును. ఆ మాటను మొండితనముగా గాక లక్షణముగా వినవలెనని రౌటెన్‌బర్గ్ ఎలుకలను చూచిన వాడు అనును.

ఈ నడుమ మెదడులోని కేంద్రముల వేట సాగెను. 1940లో హెథెరింగ్టన్, రాన్సన్ అనువారు ఎలుక మెదడులో హైపోథాలమస్ మధ్యభాగమును చెరచిరి. ఎలుక విపరీతముగా బలిసెను. 1951లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములో మన దేశస్థుడు బాలకృష్ణ ఆనంద్, బ్రోబెక్‌తో కలసి అదే హైపోథాలమస్ ప్రక్క భాగమును రెండు వైపుల చెరచెను. ఆ ఎలుకలు తిండిని ముట్టక చనిపోయెను. ఆనంద్ తరువాత ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శరీరధర్మ శాఖకు ఆద్యుడయ్యెను. ఒక మీట నొక్కిన ఆకలి, ఇంకొక మీట నొక్కిన తృప్తి అను చిత్రము చాల కాలము పాఠ్యపుస్తకములను ఏలెను. చిత్రము అందముగ నున్నది, కాని రౌటెన్‌బర్గ్ ఎలుకల మెదడును ఎవరును కోయలేదు. చెరచినది వాటి దినచర్యను మాత్రమే.

బోనులోని ఉష్ణోగ్రత సంగతి మఱింత ఆలస్యముగా వెలుగులోనికి వచ్చినది. పరిశోధనాలయములలో ఎలుకలను 21, 22 డిగ్రీల వద్ద ఉంచుట ఆనవాయితీ. అంగీ తొడుగుకొన్న మనుష్యునికి ఆ గది హాయి; ఎలుకకు అది చలి. చిక్కిపోయిన ఎలుకకు మఱింత చలి. స్పెయిను దేశపు శాంటియాగో నగరములో గుటియెర్రెజ్ బృందము 2012లో ప్రకటించిన ప్రయోగములో, చక్రము గల బోనులలో చిక్కిన ఎలుకలను కొన్నిటిని 32 డిగ్రీల వేడిమిలో ఉంచిరి. వాటి పరుగు తగ్గెను, తిండి పెరిగెను, బరువు తేఱుకొనెను. 21 డిగ్రీల వద్ద నున్నవి అట్లు తేఱుకొనలేదు. ఇన్నాళ్ళు పిచ్చి పరుగని అనుకొన్నది కొంతవరకు చలి కాచుకొను ఉపాయమేమో! విలియం గల్ తన రోగులకు వెచ్చదనము అవసరమని, వేడినీటి గొట్టమును వెన్నెముక పొడవున ఉంచుట మంచిదని 1874లోనే వ్రాసెను. ఆ మాటను లోకము మఱచిపోయెను. అయితే తొందరపడి సంబరపడరాదు. 2004లో కొద్దిమంది రోగులకు వెచ్చని చొక్కా తొడిగి చేసిన చిన్న పరీక్షలో బరువులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఎలుక నుండి మనుష్యునికి వేయు వంతెన సగము దూరము వచ్చి ఆగుట ఈ శాస్త్రములో తఱచు జరుగునదే.

ఇక అతిగా తినుట. 1976లో న్యూయార్కులో స్క్లఫానీ, స్ప్రింగర్ అనువారు పెద్దయెలుకలకు మామూలు మేతతోపాటు అంగడి తినుబండారములు పెట్టిరి: బిస్కట్లు, చాకొలెట్లు, జున్ను, అరటిపండు, వేరుశనగ ముద్ద, చక్కెర కలిపిన గట్టి పాలు మొదలైనవి. మెదడును ముట్టకయే ఎలుకలు బలిసినవి. మీట ఇప్పుడు అంగడిలో ఉన్నది. 2002లో మేరీ హేగన్ బృందము ఇంకొక మెట్టు ఎక్కెను. కొన్ని ఎలుకలను మాటిమాటికి పస్తు పెట్టి తిరిగి కడుపునిండ మేపిరి. కొన్నిటికి పాదములకు చిన్న విద్యుద్ఘాతము నిచ్చి బెదరించిరి. కొన్నిటికి రెండును చేసిరి. తరువాత అన్నిటి ముందు తియ్యని బిస్కట్లు పెట్టిరి. పస్తు మాత్రము చూచినవి మామూలుగానే తినెను. బెదరు మాత్రము చూచినవియు అంతే. రెండును చూచినవి మాత్రము ఆకలి లేకున్నను ఎగబడి తినెను. పరీక్షల కాలములో పస్తులుండి, తిట్లు తిని, ఆ సాయంత్రము మిఠాయి పొట్లము ఖాళీ చేయు పిల్లను 'తిండిపోతు' అని తరగతిలో నవ్వులపాలు చేయుట వలన మూడు పదార్థములలో ఏది తగ్గును?

ఇప్పుడు హైదరాబాదునకు వత్తము. కూనూరు పరిశోధనాలయము 1958లో తార్నాకకు తరలి వచ్చెను. 1969లో స్వర్ణోత్సవ సందర్భమున దానికి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చెను. మెక్‌కారిసన్ కాలము నాటి విస్టార్ ఎలుకల వంశము కూడ సంస్థతోపాటు వచ్చి, బయటి రక్తము కలియకుండ తరతరములుగా పెరుగుచుండెను. 1996లో గిరిధరన్, ఆయన సహచరులు ఆ మందలో కొన్ని వింత ఎలుకలను గుర్తించిరి. పుట్టిన 35 దినముల ప్రాంతమున అవి తోటివాటికంటె లావుగా కనబడసాగెను. విడువక తినును, పెరిగి పెరిగి కిలో బరువును కూడ దాటును. మామూలు పెద్దయెలుక దానిలో సగము కూడ తూగదు. వాటికి సంతానము కలుగదు, కంటిలో శుక్లములు వచ్చును, ఆయుర్దాయము సగమునకు తగ్గును. ఎవరును చేయని మార్పు. ప్రకృతి తానుగా చేసినది. ఈ వంశమునకు సంస్థ పేరును చేర్చి 'డబ్ల్యు.ఎన్.ఐ.ఎన్. ఓబ్' అని నామకరణము చేసిరి. దోషము అయిదవ క్రోమోజోములో, లెప్టిన్ సంకేతమును అందుకొను జన్యువునకు సమీపమున ఉన్నదని తరువాత గుర్తించిరి. లెప్టిన్ అనగా కొవ్వు కణములు మెదడునకు 'చాలును' అని పంపు కబురు. దానిని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొనెను.

కాబట్టి అంతయు జన్యువేనా? తార్నాక మందలోనే దీనికి ఎదురు మాట యున్నది. లక్షల ఎలుకలు పుట్టిన వంశములో ఆ దోషము గలవి గుప్పెడు. రౌటెన్‌బర్గ్ బోనులో చిక్కినవి, స్క్లఫానీ బోనులో బలిసినవి మామూలు జన్యువుల ఎలుకలే. పైగా 2015లో పూణె, సిడ్నీ నగరముల పరిశోధకులు ప్రకటించిన ప్రయోగము ఈ 'జన్యువా, పరిసరమా' అను తగవునే తారుమాఱు చేసినది. విస్టార్ ఎలుకలను 50 తరములు అర్ధాకలితో పెంచిరి. తరువాత రెండు తరములకు కడుపునిండ పెట్టిరి. అయినను బొజ్జ కొవ్వు, మధుమేహము వైపు మ్రొగ్గు వాటిని విడువలేదు. తాతల నాటి ఆకలి మనుమల ఒంటిలో గుర్తుగా మిగిలినది. 50 తరములనగా మనుష్యులలో వేయి సంవత్సరముల పైమాట. కనుక దీనిని మన కరవుల చరిత్రకు తిన్నగా అంటగట్టరాదు, కాని కొట్టివేయుటయు కుదరదు.

బోనులోని పరిసరములలో కడపటిది గడియారము. శ్రీరాంపూరు ఇండ్లలో దీనికి వ్యాఖ్యానము అక్కఱలేదు. మొదటి షిఫ్టు వారము ఒక వేళకు పొయ్యి వెలుగును, రెండవ షిఫ్టు వారము ఇంకొక వేళకు, రాత్రి షిఫ్టు వారము తెల్లవారిన పిమ్మట పెద్ద భోజనము. తండ్రి నిద్రపోవు వేళ పిల్లలు చప్పుడు లేకుండ సద్ది తిని బడికి పోవుదురు. 2009లో అమెరికాలో ఫ్రెడ్ టూరెక్ పరిశోధనాలయమున చుంచెలుకలకు ఒకే కొవ్వు ఆహారమును రెండు విధములుగా పెట్టిరి. ఒక గుంపునకు రాత్రి మాత్రమే. ఎలుకకు అది మేలుకొను వేళ. రెండవ గుంపునకు పగలు మాత్రమే. అది దాని నిద్ర వేళ. ఆరు వారములలో వేళకాని వేళ తినిన గుంపు చాల ఎక్కువగా బలిసెను. మఱుసటి సంవత్సరము ఓహైయో రాష్ట్రమున లారా ఫాంకెన్ బృందము తిండి వేళను ముట్టకయే, రాత్రి వేళ మసక దీపము వెలిగించియుంచిరి. ఆ వెలుతురులో చుంచెలుకలు తమ తిండిలో కొంత భాగమును పగటికి జరుపుకొని బరువెక్కినవి.

ఎలుక రాత్రించరము, మనుష్యుడు పగటి జీవి. కావున ఎలుక పగటి భోజనమునకు సాటి మన రాత్రి భోజనము. దీనిని మనుష్యులలో చూడవలెనని బోస్టనులో ఫ్రాంక్ షీర్ 2009లోనే పదిమంది స్వచ్ఛంద సేవకులను ఎండ తెలియని గదులలో ఉంచి, వారికి 28 గంటల దినమును ఏర్పాటు చేసెను. కొలది దినములకు వారి నిద్రయు భోజనమును దేహపు గడియారమునకు తలక్రిందులాయెను. ఆ స్థితిలో వారి రక్తములో లెప్టిన్ 17 శాతము తగ్గెను, చక్కెర 6 శాతము పెరిగెను. తిండి అదే, మనుష్యులు వారే. 'చాలును' అను కబురు మాత్రము సన్నగిల్లినది. రాత్రి షిఫ్టు దిగి బాయి మీదికి వచ్చిన వాడు సద్ది డబ్బా విప్పునది సరిగా ఆ వేళకే.